సమాజశాస్త్ర ఆలోచన ఎలా ఎదిగింది: మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో మేం కొందరం తెలుగువాళ్లం ఆదివారాలు కూర్చుని సమాజశాస్త్రం చదువుతుంటాం. సగం మంది సాఫ్ట్‌వేర్ వాళ్లు. కొందరు సివిల్స్‌కి సోషియాలజీ ఆప్షనల్ తీసుకున్నారు. ఒకరిద్దరు దూరవిద్యలో ఎం.ఏ. చేస్తున్నారు. కొత్తవాళ్లు వచ్చినప్పుడల్లా అవే సందేహాలు, వాట్సాప్‌లో అవే జవాబులు. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. దేనికది విడిగా చదువుకోవచ్చు.

## మొదలుపెట్టేవాళ్లకు

నేను బీటెక్. ఇంతమంది పేర్లు, ఇన్ని ‘ఇజాలు’ చూస్తేనే టెన్షన్ వస్తోంది. ఎక్కడ పట్టుకోవాలి?

ఏ ఆలోచనాపరుణ్ణి తీసుకున్నా, ఆ మనిషికి నిద్ర పట్టనివ్వని ప్రశ్న ఏమిటో చూడండి, అక్కడ పట్టుకోండి. రాజు తల తెగిన ఫ్రాన్స్‌లో ఇక జనాన్ని కలిపి ఉంచేదేమిటన్నది అక్కడి తత్త్వవేత్త ఆగస్ట్ కోంత్ బెంగ. ఇంత సరుకు తయారవుతుంటే దాన్ని తయారుచేసేవాడి కడుపు ఎందుకు మాడుతోందన్నది మార్క్స్ ప్రశ్న. ఇన్ని కోట్లమంది పెళ్లి దగ్గరికి వచ్చేసరికి ఒకే గీత లోపల ఎందుకు ఆగిపోతున్నారన్నది అంబేద్కర్ ప్రశ్న. ప్రతి సిద్ధాంతమూ ఒక ఊరిలో, ఒక కాలంలో వచ్చిన చిక్కుకు జవాబుగా పుట్టిందే. ‘ఇజాలు’ చాలావరకు తర్వాతివాళ్లు అతికించిన లేబుళ్లు. ప్రశ్న గుర్తుంటే లేబుల్ దానంతటదే గుర్తుంటుంది. లేబుల్‌ని బట్టీపడితే పరీక్ష అయిన మర్నాడు ఏమీ మిగలదు.

19వ శతాబ్దానికి ముందు సమాజం గురించి ఎవరూ ఆలోచించలేదా?

ఎందుకు ఆలోచించలేదు! ట్యునిస్‌లో పుట్టిన ఇబ్న్ ఖల్దూన్ 1377లోనే ‘ముఖద్దిమా’ రాశాడు. ఎడారి తెగల్లో ఉండే కట్టు, ‘మనవాళ్లం’ అనే భావం, వాళ్లకు రాజ్యాలు గెలిచిపెడుతుంది. నగర సుఖాలు మరిగాక కొన్ని తరాల్లోనే ఆ కట్టు సడలి మరో తెగ చేతిలో ఓడిపోతారు అని ఆయన వాదన. మన అర్థశాస్త్రం, ధర్మశాస్త్రాలు కూడా సమాజం గురించే. కాకపోతే అవి ఎక్కువగా ‘ఎలా ఉండాలి’ అని చెబుతాయి. ‘ఎలా ఉంది, ఎందుకలా ఉంది’ అని అడిగినవాళ్లలో యూరప్ నుంచి మొదట చెప్పుకోదగ్గవాడు మాంటెస్క్యూ. ఒక దేశపు చట్టాలకూ అక్కడి వాతావరణానికీ, వ్యాపారానికీ, మతానికీ ఉన్న లంకెను 1748లోనే వెతికాడు. తర్వాత 1789 ఫ్రెంచి విప్లవం, దానితోపాటే ఫ్యాక్టరీలు వచ్చాయి. తాతల నాటి ఏర్పాట్లు కళ్లముందే కూలుతుంటే ఆ ప్రశ్న పండితుల గదుల్లోంచి బజారుకెక్కింది.

సమాజశాస్త్ర పితామహుడు ఆగస్ట్ కోంతేనా?

పేరు పెట్టి ప్రచారంలోకి తెచ్చినవాడు ఆయనే, 1838 ప్రాంతంలో. అంతకుముందు ‘సామాజిక భౌతికశాస్త్రం’ అనేవాడు. ఆ మాటను బెల్జియం గణాంకవేత్త కెట్లే వాడుకునేసరికి కోంత్ కొత్త పేరు వెతుక్కున్నాడు. ఆలోచనల్లో చాలా భాగం ఆయన యజమాని సేన్ సిమాన్ దగ్గర మొలకెత్తినవే. 1817 నుంచి కొన్నేళ్లు కోంత్ ఆయనకు కార్యదర్శి. మానవ జ్ఞానం దైవ దశ, తాత్త్విక దశ, శాస్త్రీయ దశ అనే మూడు మెట్లు ఎక్కుతుందన్న సూత్రం పరీక్షల్లో తప్పకుండా వస్తుంది. చివరి రోజుల్లో ఆయనే ‘మానవతా మతం’ పెట్టి పూజారులు, పండుగల క్యాలెండర్ కూడా తయారుచేశాడని మాత్రం నోట్సుల్లో తక్కువగా కనిపిస్తుంది. నాకైతే అదే ఆసక్తికరం. దేవుణ్ణి తీసేశాక మనుషుల్ని కలిపేదేమిటన్న ఆయన బెంగ అంత నిజమైనదన్నమాట.

స్పెన్సర్‌ని వదిలేయొచ్చా?

ఒక గంట చాలు. సమాజాన్ని శరీరంతో పోల్చిన ఇంగ్లండ్ తత్త్వవేత్త. ‘బలమైనదే బతుకుతుంది’ అని మనం వాడే మాట డార్విన్‌ది అనుకుంటారు. దాన్ని 1864లో వాడుకలోకి తెచ్చింది స్పెన్సర్. పేదలకు ప్రభుత్వ సాయం వద్దనే వాదనలు ఇప్పటికీ ఆయన నీడలోనే నడుస్తుంటాయి.

## ముగ్గురు పెద్దలు

మార్క్స్, డర్క్‌హైమ్, వెబర్ ఒకరితో ఒకరు వాదించుకున్నారా?

లేదు. మార్క్స్ 1883లో పోయేనాటికి డర్క్‌హైమ్‌కి 24 ఏళ్లు, వెబర్‌కి 18. తర్వాతి ఇద్దరూ ఒకే కాలంలో, పక్కపక్క దేశాల్లో (డర్క్‌హైమ్ ఫ్రాన్స్‌లో, వెబర్ జర్మనీలో) ఉండి కూడా ఒకరి గురించి ఒకరు దాదాపు ఏమీ రాయలేదు. పైగా ఇవాళ మనం మార్క్స్‌ది అని మొదట చదివే ‘పరాయీకరణ’ (పనివాడికి తన శ్రమే తనది కాకుండా పోవడం) సిద్ధాంతం 1844 నాటి రాతప్రతుల్లో ఉంది. అవి పూర్తిగా అచ్చయింది 1932లో. అప్పటికి డర్క్‌హైమ్, వెబర్ ఇద్దరూ లేరు. అమెరికాలో టాల్కట్ పార్సన్స్ 1937లో సమాజశాస్త్ర పునాదుల మీద రాసిన పెద్ద గ్రంథంలో ఎంచుకున్న నలుగురిలో మార్క్స్ లేడు. ఈ త్రిమూర్తుల వరస 20వ శతాబ్దం రెండో సగంలో సిలబస్‌లు కట్టినవాళ్లు పేర్చినది.

మార్క్స్ అంటే పార్టీ, ఎర్రజెండా కదా. సమాజశాస్త్రంలో ఆయనకేం పని?

తెలుగువాళ్లకు ఈ సందేహం సహజం. మనకు మార్క్స్ పుస్తకం కంటే ముందు పాటగా, ఊరేగింపుగా పరిచయమయ్యాడు. సమాజశాస్త్రానికి ఆయన ఇచ్చింది ఒక చూసే పద్ధతి. ఒక సమాజం తిండి, బట్ట ఎలా ఉత్పత్తి చేసుకుంటుందో, ఆ సాధనాలు ఎవరి చేతిలో ఉన్నాయో చూస్తే మిగతా చట్టం, మతం, నీతి ఎందుకలా ఉన్నాయో చాలావరకు తెలుస్తుంది. ‘పెట్టుబడి’ మొదటి సంపుటం 1867లో వచ్చింది. మిగతా రెండూ ఆయన పోయాక స్నేహితుడు ఎంగెల్స్ సరిచేసి వేశాడు.

మన గురించీ రాశాడు. 1853లో న్యూయార్క్ డైలీ ట్రిబ్యూన్ పత్రికకు రాసిన వ్యాసాల్లో, రైళ్లు వస్తే పరిశ్రమలు వస్తాయి, పరిశ్రమలు వస్తే కులానికి ఆధారమైన వంశపారంపర్య వృత్తులు కరిగిపోతాయి అన్నాడు. రైళ్లొచ్చాయి, మెట్రో కూడా వచ్చింది. కమ్మరి కొడుకు కోడ్ రాస్తున్నాడు, వృత్తి నిజంగానే కరిగింది. కానీ బెంగళూరులో అద్దె ఇల్లు చూడటానికి వెళ్తే ఓనరు అడ్వాన్సు మాట ఎత్తకముందే ‘వెజ్జా, నాన్‌వెజ్జా’ అని అడుగుతాడు. కులం వృత్తి మీద మాత్రమే నిలబడలేదన్నమాట. ఈ ఒక్క జోస్యం దగ్గర కూర్చుంటే మార్క్స్ బలం, పరిమితి రెండూ కనిపిస్తాయి.

డర్క్‌హైమ్ ఆత్మహత్యల పుస్తకాన్ని ఎందుకంత పొగుడుతారు?

ఆత్మహత్యకంటే సొంత విషయం ఇంకేముంటుంది? దాన్ని కూడా సమాజంతో ముడిపెట్టి చూపించగలిగితే సమాజశాస్త్రం తన కాళ్లమీద తను నిలబడినట్టే. 1897లో డర్క్‌హైమ్ కాసిన పందెం అదే. ఫలానా మనిషి ఎందుకు చనిపోయాడని ఆయన అడగలేదు. ఒక దేశంలో, ఒక మతస్థుల్లో ఆ రేటు ఏటేటా దాదాపు ఒకేలా ఎందుకుంటోందని అడిగాడు. కాథలిక్కుల కంటే ప్రొటెస్టెంట్లలో, పెళ్లయినవాళ్ల కంటే కానివాళ్లలో ఎక్కువ, యుద్ధకాలంలో తక్కువ. మనిషి చుట్టూ ఉన్న కట్టు మరీ వదులైనా, మరీ బిగిసినా ప్రమాదమే అన్నది ఆయన తేల్చిన సంగతి. కట్టుబాట్లే అయోమయమైపోయే స్థితికి ‘అనోమీ’ అని పేరు. ఆత్మహత్యల్లో ఆయన చెప్పిన నాలుగు రకాల్లో చివరిదాన్ని, కట్టుబాట్ల అతి బిగింపు వల్ల వచ్చేదాన్ని, ఒక ఫుట్‌నోట్‌లో చెప్పి వదిలేశాడు. మన కోచింగ్ నోట్సుల్లో మాత్రం దానికి మిగతా వాటితో సమానంగా పేజీ ఉంటుంది.

ఆ లెక్కలు ఎలా వచ్చాయో చూడండి. ఫ్రాన్స్ న్యాయశాఖలో గణాంకాల విభాగం గబ్రియేల్ తార్ద్ చేతిలో ఉండేది. ఆయన అచ్చుకాని రికార్డులు చూడనిచ్చాడు. డర్క్‌హైమ్ మేనల్లుడు మార్సెల్ మోస్ కూర్చుని దాదాపు 26,000 కేసుల్ని వయసు, ఆడా మగా, పెళ్లయిందా, పిల్లలున్నారా అని విడదీశాడు. తీరా చూస్తే తార్ద్ సిద్ధాంతం ‘మనుషులు ఒకర్ని చూసి ఒకరు చేస్తారు’ అన్నది. ఆయన ఇప్పించిన కాగితాలతోనే తయారైన ఆ పుస్తకంలో డర్క్‌హైమ్ ఒక అధ్యాయం పెట్టి మరీ దాన్ని తోసిపుచ్చాడు.

విమర్శ కూడా తెలిసుండాలి. ఒక మరణాన్ని ఆత్మహత్య అని రాయాలా వద్దా అన్నది అధికారి, కుటుంబం కలిసి తేల్చేది. పరువుకు భయపడే చోట అంకె తగ్గుతుంది. కాబట్టి ఆ లెక్కల్లో కొంత సమాజం ఉంది, కొంత రిజిస్టరు రాసినవాడి నిర్ణయం ఉంది.

ప్రొటెస్టెంట్ మతం వల్లే పెట్టుబడిదారీ విధానం వచ్చిందని వెబర్ అన్నాడా?

అంత మోటుగా అనలేదు. 1904–05లో వచ్చిన ఆ వ్యాసాల్లో ఆయన చెప్పింది: కష్టపడి పనిచెయ్, సంపాదించు, కానీ విలాసానికి ఖర్చుపెట్టకు అనే మత నియమానికీ, లాభాన్ని మళ్లీ వ్యాపారంలోనే పెట్టే పెట్టుబడిదారుడి అలవాటుకీ బాగా పొసగింది. ఎన్నో కారణాల్లో అదొకటి.

భారతదేశంలో ఆధునిక పెట్టుబడిదారీ విధానం తనంతట తను ఎందుకు పుట్టలేదనీ రాశాడు. కులాచారాలు, పరలోకం వైపు చూపు అడ్డుపడ్డాయన్నాడు. ఆయన ఎప్పుడూ ఇక్కడికి రాలేదు. జనగణన నివేదికలు, అనువాదాలు చదివి రాసిన పుస్తకం అది. 1960ల్లో అమెరికా మానవశాస్త్రవేత్త మిల్టన్ సింగర్ మద్రాసు పారిశ్రామికవేత్తలను కలిసి మాట్లాడినప్పుడు, ఇంట్లో పూజ ఇంటిదే, ఫ్యాక్టరీలో లెక్క ఫ్యాక్టరీదే అన్నట్టు రెండింటినీ వేర్వేరు గదుల్లో ఉంచుకుని హాయిగా నడుపుతున్నట్టు తేలింది. వెబర్ ఊహకు ఇది గట్టి దెబ్బే.

వెబర్ చెప్పే కరిష్మా అంటే ఎన్టీఆర్ లాంటిదా?

సరిగ్గా అదే. అధికారాన్ని జనం ఎందుకు ఒప్పుకుంటారు? తాతల నుంచి వస్తోంది కాబట్టి, చట్టప్రకారం ఉంది కాబట్టి, లేదా ఆ మనిషిలో ఏదో అసాధారణ శక్తి ఉందని నమ్మారు కాబట్టి. మూడోది కరిష్మా. 1982 మార్చిలో పార్టీ పెట్టి 1983 జనవరికల్లా ముఖ్యమంత్రి కావడం తొలి రెండింటితో సాధ్యమయ్యే పని కాదు. అయితే వెబర్ అసలు గమనించింది తర్వాతి దశను. ఆ ఆకర్షణ ఒక మనిషితోనే పోకుండా ఉండాలంటే కమిటీలు, సభ్యత్వాలు, వారసులు కావాలి. అవి వచ్చాక అది కరిష్మాగా మిగలదు.

## సిలబస్ పక్కన పెట్టినవాళ్లు

సిమ్మెల్ పేరు యూపీఎస్సీ జాబితాలో లేదు. చదవాలా?

మార్కుల కోసమైతే అక్కర్లేదు. బెంగళూరులో ఉంటున్నందుకైనా చదవండి. బెర్లిన్‌లో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పినా, యూదు మూలాలున్న సిమ్మెల్‌కి పూర్తిస్థాయి ప్రొఫెసర్ పదవి 1914లో, అదీ స్ట్రాస్‌బర్గ్‌లో దొరికింది. అప్పటికి 56 ఏళ్లు. ‘పరాయివాడు’ మీద 1908లో ఆయన రాసిన కొద్ది పేజీల్లో అంటాడు: పరాయివాడంటే ఇవాళ వచ్చి రేపు వెళ్లే బాటసారి కాదు, ఇవాళ వచ్చి రేపు కూడా ఉండిపోయేవాడు. ఊళ్లో ఉంటాడు, ఊరివాడు కాడు. అందుకే ఊరి తగాదాల్లో అతని మాటకు విలువుంటుంది, సొంతవాళ్లకు చెప్పనివి కూడా అతనికి చెప్పుకుంటారు. మారతహళ్లి పీజీలో రూమ్మేట్ రాత్రి పన్నెండింటికి, ఇంట్లో ఎవరికీ చెప్పని అప్పు సంగతి మీకెందుకు చెప్పాడో ఆ వ్యాసంలో ఉంది.

ఈ చరిత్రలో ఆడవాళ్లు, నల్లజాతివాళ్లు ఎందుకు కనిపించరు?

పని చేశారు. పాఠ్యపుస్తకం ఎక్కలేదు. ఇంగ్లండ్ రచయిత్రి హారియట్ మార్టినో అమెరికా అంతా తిరిగి 1837లో ఆ సమాజం మీద పుస్తకం, మరుసటి ఏడాది సమాజాన్ని ఎలా పరిశీలించాలనే పద్ధతుల పుస్తకం రాసింది. డర్క్‌హైమ్ పద్ధతుల పుస్తకం 1895లో వచ్చింది. ఆమె గురించి మాత్రం కోంత్‌ని ఇంగ్లిషులోకి తెచ్చిన మనిషిగానే ఒక లైను ఉంటుంది. అమెరికా నల్లజాతి పండితుడు డుబాయిస్ ఫిలడెల్ఫియా ఏడో వార్డులో ఇల్లిల్లూ తిరిగి నల్లవాళ్ల జీవితం మీద 1899లో ప్రచురించిన అధ్యయనం, షికాగో విశ్వవిద్యాలయం వాళ్ల పేరుపొందిన నగర అధ్యయనాల కంటే ముందుది. మన దగ్గర కులం మీద ఫూలే ‘గులాంగిరి’ 1873లో, స్త్రీల అణచివేత మీద తారాబాయి షిందే ‘స్త్రీ పురుష తులన’ 1882లో వచ్చాయి.

పార్సన్స్ అర్థం కావడం లేదు. నాలోనే లోపమా?

ఆయన వాక్యాలు ఇంగ్లిషువాళ్లకూ అంతే. సమాజం ఒక వ్యవస్థ, ప్రతి భాగానికీ ఒక పని, అన్నీ కలిసి సమతూకం అన్నది సారాంశం. 1950ల అమెరికా ధీమాకు అది సరిపోయింది. అక్కడి సమాజశాస్త్రవేత్తే అయిన రైట్ మిల్స్ 1959లో ఆయన వాక్యాల్ని తీసుకుని మామూలు భాషలోకి కుదించి ఎగతాళి చేశాడు. పౌరహక్కుల పోరాటం, వియత్నాం యుద్ధం వచ్చాక సమతూకం మాట ఎవరికీ ఎక్కలేదు. పార్సన్స్ దగ్గర చదివిన మెర్టన్‌ని మాత్రం శ్రద్ధగా చదవండి. పైకి చెప్పే ప్రయోజనం ఒకటి, తెలియకుండా జరిగే ప్రయోజనం మరొకటి అన్న ఆయన తేడా ఎక్కడైనా పనికొస్తుంది.

## మన దేశం

అంబేద్కర్‌ని సమాజశాస్త్రవేత్త అనొచ్చా, లేక రాజ్యాంగ నిర్మాత అంటే చాలా?

1916 మే 9న కొలంబియా విశ్వవిద్యాలయంలో, గోల్డెన్‌వైజర్ మానవశాస్త్ర సెమినార్‌లో ఆయన చదివిన పత్రం చూసి మీరే చెప్పండి. అప్పటికి ఆయనకు 25 ఏళ్లు. కులం మూలం ఎక్కడుంది? శుద్ధి, వృత్తి, జాతి అని రకరకాలుగా చెబుతున్న పండితుల్ని పక్కన పెట్టి, అంతర్వివాహం (తమలో తామే పెళ్లిళ్లు చేసుకోవడం) ఒక్కటే కులాన్ని కులంగా నిలబెడుతోందన్నారు. తర్వాత లెక్కల మాస్టారిలా ముందుకెళ్లారు. ఒక గుంపు తలుపులు మూసుకుని తనలో తనే పెళ్లిళ్లు చేసుకోవాలంటే పెళ్లీడు ఆడవాళ్లు, మగవాళ్లు సమంగా ఉండాలి. భర్త చనిపోతే ఒక స్త్రీ ‘మిగిలిపోతుంది’. ఆమె మళ్లీ పెళ్లాడితే ఇంకొక అమ్మాయికి వరుడు తగ్గుతాడు, బయటివాణ్ణి చేసుకుంటే గోడ కూలుతుంది. కాబట్టి చితి మీద కాల్చడం, లేదా బతికినంతకాలం వైధవ్యం. భార్య పోయిన మగవాణ్ణి అలా చేయలేరు, అతనికి పలుకుబడి ఉంది. అందుకని ఇంకా పెళ్లీడు రాని పిల్లను తెచ్చి కట్టబెట్టడం. సతి, వితంతు నిర్బంధం, బాల్యవివాహం మూడూ ఒకే లెక్క సరిచేసే పద్ధతులని తేలుతుంది. కులం, స్త్రీల అణచివేత వేర్వేరు అధ్యాయాలు కావని అంత చిన్న వయసులో, అంత తక్కువ పేజీల్లో చూపించారు.

ఇక ఈ ఏర్పాటు ఒక వర్గం నుంచి అందరికీ ఎలా పాకింది? పైవాళ్లను చూసి కిందివాళ్లు అనుకరించారు, కొందరైతే మిగతావాళ్లు తలుపులు మూసేయడంతో బయట మిగిలిపోయి కులమయ్యారు అన్నారు. అనుకరణ గురించి ఆయన ఆధారం చేసుకున్నవాళ్లలో గబ్రియేల్ తార్ద్ ఒకడు. ఫ్రాన్స్‌లో డర్క్‌హైమ్ వర్గం ముందు వెలవెలబోయిన ఆ సిద్ధాంతానికి అంబేద్కర్ కొత్త పని అప్పగించారు. నా లెక్కలో ఈ పత్రం ‘భారతీయ ఆలోచనాపరులు’ అనే చివరి అధ్యాయంలో కాదు, డర్క్‌హైమ్, వెబర్‌ల పక్కనే చదవాల్సింది.

ఎం.ఎన్. శ్రీనివాస్‌ది బెంగళూరేనా?

మన పల్లెల మీద, కులం మీద రాసిన ఈ సమాజశాస్త్రవేత్త పుట్టింది 1916లో మైసూరులో, కన్నుమూసింది 1999లో బెంగళూరులో. నాగరభావిలో ఉన్న ఇన్‌స్టిట్యూట్ ఫర్ సోషల్ అండ్ ఎకనామిక్ చేంజ్‌ని వీకేఆర్వీ రావు 1972లో స్థాపించినప్పుడు శ్రీనివాస్ ఢిల్లీ వదిలి వచ్చి చేరారు. కూర్గులోని కొడవల మీద 1952లో వచ్చిన పుస్తకంలో ‘సంస్కృతీకరణ’ను ప్రతిపాదించారు: కింది కులం పై కులపు ఆచారాలు, తిండి, పూజలు పట్టుకుని హోదా పెంచుకోవాలని చూడటం. తర్వాత ‘ఆధిపత్య కులం’ వచ్చింది. మనుషుల సంఖ్య, భూమి, చదువు-ఉద్యోగాలు ఉండి, ఆచారాల మెట్టులో మరీ కింద లేని కులం ఊరిని నడుపుతుంది, అది బ్రాహ్మణ కులమే కానక్కర్లేదు. మన జిల్లాల్లో అదెవరో చెప్పడానికి పుస్తకం అక్కర్లేదు, ఊరి పేరు చాలు.

1948లో ఆయన మైసూరు దగ్గరి ఒక పల్లెలో ఉన్నారు. ‘రాంపుర’ దానికి పెట్టిన మారుపేరు. ఆ నోట్సును ఏళ్ల తరబడి క్రమంలో పెట్టుకుని 1970లో స్టాన్‌ఫర్డ్‌లో రాయడానికి కూర్చుంటే ఎవరో నిప్పుపెట్టారు, అది కాస్తా కాలిపోయింది. అప్పుడు జ్ఞాపకం మీద ఆధారపడి రాసిన పుస్తకం 1976లో వచ్చింది. ఊరి పెద్ద గొంతు, పొలం గట్టు తగాదాలు అందులో ఉన్నంత సజీవంగా పట్టికల పుస్తకాల్లో ఉండవు. అయితే ఆయన బస చేసింది పెద్ద కులాల వైపు. దళితవాడ నుంచి చూస్తే ఆ ఊరు ఎలా ఉండేదన్న ప్రశ్న న్యాయమైనదే.

తెలుగు నేల మీద ఇలాంటి అధ్యయనాలు జరగలేదా?

జరిగాయి, పునాది లాంటివే. ఎస్.సి. దూబే ఉస్మానియా విశ్వవిద్యాలయం బృందంతో శామీర్‌పేటలో పనిచేసి 1955లో ‘ఇండియన్ విలేజ్’ తెచ్చారు. ఇప్పుడు ఔటర్ రింగ్ రోడ్డు ఎగ్జిట్ బోర్డు మీద కనిపించే శామీర్‌పేటే అది. అంతకుముందు ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ చెంచుల మీద (1943), గోదావరి కొండరెడ్ల మీద, ఆదిలాబాద్ రాజగోండుల మీద పుస్తకాలు రాశాడు. మేనరికాలు ఎందుకో తెలియాలంటే ఇరావతి కర్వే 1953లో రాసిన బంధుత్వ వ్యవస్థల పుస్తకం చూడండి. ఉత్తరాదిన పిల్లను తెలియని ఇంటికి పంపుతారు. దక్షిణాదిన అత్తగారే మేనత్త కావచ్చు. కోడలి బతుకులో ఈ తేడా ఎంత దూరం వెళ్తుందో ఆమె వివరంగా చూపారు.

## 1960 తర్వాత

బూర్డియూ, ఫూకో ఇద్దర్లో ముందెవరు?

ఇద్దరూ ఫ్రాన్స్ ఆలోచనాపరులే. మీరు ఊరి నుంచి వచ్చినవాళ్లయితే బూర్డియూ. ఆయనా ఫ్రాన్స్ మారుమూల పల్లెలో తపాలా ఉద్యోగి కొడుకు. డబ్బు ఒక్కటే ఆస్తి కాదు. ఇంగ్లిషు ఉచ్చారణ, కూర్చునే తీరు, ఏ జోకుకు నవ్వాలో తెలియడం కూడా ఆస్తే, అదీ ఇంట్లోంచే వస్తుంది అన్నాడు. అనంతపురం జిల్లా తెలుగు మీడియం కుర్రాడు కోరమంగళలో ఇంటర్వ్యూకి వెళ్తాడు. కోడింగ్ రౌండు దాటేస్తాడు. చివర్లో ‘మీ గురించి చెప్పండి, వీకెండ్ ఏం చేస్తారు’ దగ్గర గొంతు ఆరిపోతుంది. ‘కల్చర్ ఫిట్ కాదు’ అని మెయిల్ వస్తుంది. ఆ రౌండులో పరీక్షించింది దేన్ని అన్నదే బూర్డియూ ప్రశ్న. ఆ కుర్రాడు తననే తప్పుపట్టుకుంటాడన్నది మరీ ముఖ్యం.

ఫూకో 1975 పుస్తకం జైళ్ల చరిత్ర. ఎవరో చూస్తున్నారన్న అనుమానమే మనిషిని అదుపులో పెడుతుందని చెబుతుంది. ల్యాప్‌టాప్‌లో పచ్చచుక్క ఆరిపోకుండా మౌస్ కదిపేవాళ్లకు ఉదాహరణ అక్కర్లేదు.

## చదవడం, రాయడం

అన్నా, ఒరిజినల్స్ చదవాలా, కోచింగ్ నోట్సు చాలా?

ప్రిలిమ్స్ అయ్యాక మెయిన్స్‌కి మూడు నెలలే ఉంటే నోట్సే చదవండి, మొహమాటం వద్దు. టైముంటే అంబేద్కర్ 1916 పత్రంతో మొదలుపెట్టండి. ఇంగ్లిషు సులువు, ఒక్క పూటలో అయిపోతుంది, ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. తర్వాత సిమ్మెల్ ‘పరాయివాడు’, కమ్యూనిస్టు ప్రణాళిక, డర్క్‌హైమ్ పుస్తకంలో అనోమీ అధ్యాయం. వెబర్ వ్యాసాల్ని చివరికి పెట్టుకోండి, ఫుట్‌నోట్లు భయపెడతాయి.

తెలుగులో రాస్తే మార్కులు తగ్గుతాయా?

మెయిన్స్ తెలుగులో రాసే హక్కు ఉంది. ఇబ్బందల్లా మెటీరియల్‌తోనే. తెలుగు అకాడమీ పుస్తకాలు పదజాలానికి పనికొస్తాయి. అంబేద్కర్ రచనలు తెలుగులో ప్రభుత్వ ప్రచురణగా వచ్చాయి. మార్క్స్ ‘పెట్టుబడి’ని రంగనాయకమ్మ గారు తెలుగు పాఠకుల కోసం విడమరిచి పరిచయం చేశారు. పారిభాషిక పదం దగ్గర అనుమానం వస్తే ‘అనోమీ’, ‘హాబిటస్’ (పెరిగిన తీరును బట్టి ఒంటికి పట్టే అలవాట్లకు బూర్డియూ వాడిన మాట) అని తెలుగు లిపిలో అలాగే రాసి, పక్కన ఒక్క వాక్యంలో విడమరచండి. దిద్దేవాళ్లకు ఒక పుస్తకపు అనువాదం తెలిసుండొచ్చు, ఇంకొకటి తెలియకపోవచ్చు.